అభ్యర్థి – ఉమ్మీద్వార్
(నల్లగొండ, నిజామాబాదు లోక్‌సభ ఎన్నికల పరిశీలనము)

ఎన్నికలో నిలుచువానిని తెలుగులో అభ్యర్థి అందుము, అనగా అర్థించువాడు. ఉర్దూ మాతృభాషగా గల మన సహాధ్యాయులు అతనినే ఉమ్మీద్వార్ అందురు; అనగా ఆశ గలవాడు. సాధారణముగా ఈ రెండును ఒకే మనిషి యందుండును. ఓటు నర్థించువానికి గెలుపు మీద ఆశ యుండును గదా! అయితే గెలుపు మీద ఆశ లేకయే, కేవలము అర్థించుటకై వందలాది మంది నిలిచిన ఎన్నికలు తెలంగాణ ప్రాంతమున రెండు జరిగినవి. వానిని విద్యార్థుల ముందుంచుట మా ఉద్దేశము.

మొదటిది 1996 నాటి నల్లగొండ ఎన్నిక. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రమాణము. ఆ జిల్లాలో పెక్కు గ్రామముల బావులలో అది ఈ హద్దును దాటియుండెను. అట్టి నీటిని ఏండ్ల తరబడి త్రాగిన పిల్లల పండ్లు గారపట్టును. పెద్దల కీళ్లు బిగిసి వెన్ను వంగును. పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును తొలగించు విధానమునకు ‘నల్లగొండ పద్ధతి’ యని పేరు వచ్చినదే గాని, ఆ పల్లెలకు మంచినీరు చాలినంత రాలేదు. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వమున జలసాధన సమితి ఈ గోడును ఎన్నికల బరిలోనికి తెచ్చెను. ఫలితముగా ఒక్క స్థానమునకు 480 మంది అభ్యర్థులైరి. బ్యాలెట్ పత్రము పుస్తకమంత అయినది. పోలింగును వాయిదా వేయవలసి వచ్చినది. తుదకు భారత కమ్యూనిస్టు పార్టీ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం గెలుపొందిరి.

చెల్లిన ఓట్లలో ఆరవ వంతుకు మించి రానిచో ధరావతు పోవును. ఉర్దూలో దీనినే జమానత్ అందురు. నాడు సాధారణ అభ్యర్థికి అది 500 రూపాయలు మాత్రమే. అదే సంవత్సరము చట్టమును సవరించి 10,000 రూపాయలు చేసిరి. స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు ఉండవలెనని నియమించిరి. 1996లో దేశమంతట 13,952 మంది పోటీచేయగా, 1998లో 4,750 మందియే నిలిచిరి. ధరావతు 2010 నుండి 25,000 రూపాయలైనది. షెడ్యూల్డు కులములకు, తెగలకు అందులో సగము.

ఇంత పెంచిన పిదప అర్థించువారు మరల రారని తలచినవారికి 2019లో నిజామాబాదు సమాధానము చెప్పినది. పసుపునకు బోర్డు కావలెను, పసుపునకును ఎర్రజొన్నకును గిట్టుబాటు ధర కావలెనని 178 మంది రైతులు నామినేషను వేసి నిలిచిరి. మొత్తము అభ్యర్థులు 185 మంది. ఓటింగు యంత్రపు ఒక్కొక్క భాగముపై 16 పేర్లు పట్టును. ‘నోటా’తో కలిపి 186 గనుక 12 భాగములను జతచేయవలసి వచ్చినది. భారతీయ జనతా పార్టీకి చెందిన ధర్మపురి అరవింద్‌కు 4,80,584 ఓట్లు, అప్పటి సభ్యురాలు కల్వకుంట్ల కవితకు 4,09,709 ఓట్లు వచ్చినవి. తేడా 70,875. బోర్డు తెచ్చెదనని విజేత బాండు కాగితముపై వ్రాసియిచ్చియుండిరి.

ఈ అభ్యర్థనలు ఫలించినవా? జాతీయ పసుపు బోర్డు 2023లో ప్రకటింపబడి, 2025లో నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమైనది. ఇంటింటికి శుద్ధజలము లక్ష్యముగా మిషన్ భగీరథ 2016లో మొదలైనది. 1996 నుండి ఇరువది యేండ్లు! అంతలో వంగిన వెన్నులు నిటారు కావు. ఈ ఫలితములన్నియు ఆ పోటీల వలననే కలిగినవని మేము చెప్పజాలము. ఆ పోటీలు జరిగియుండనిచో ఈ రెండు గోడులు దేశమంతటికి ఇంతగా వినబడియుండవని మాత్రము చెప్పగలము.

ఇందొక చిక్కు ప్రశ్న కలదు. వందల పేర్లలో తన గుర్తును వెదకుకొనుట చదువురాని ఓటరుకు కష్టమే. పోలింగు సిబ్బందికిని భారమే. కావున ధరావతు పెంపునకు కారణము లేకపోలేదు. కాని 500 రూపాయలు కట్టగలిగిన కూలివాడు 25,000 కట్టగలడా? బ్యాలెట్టును పొట్టిచేయుటకు పెట్టిన హద్దు బీదవానికి అడ్డుగోడ కారాదు. నామినేషను వేయునంత దూరము రాకముందే అతని మాట వినుట పాలకుల విధి అని మా అభిప్రాయము.

విద్యార్థులారా! ఫలితముల పట్టికలో అందరమును మొదటి పేరునే చూతుము. ఇకపై ధరావతు పోయినవారి పేర్లను కూడ చివరివరకు చదువుడు. వారేమి అర్థించిరో విచారింపుడు. గెలిచినవాడు ఒక్కడే కావచ్చును. ఆశ గలవారు ఓడినవారిలోను ఉందురు.