బరువు పెరిగిన వేళ

ఉద్దేశం: సాధనలో బరువు పెరిగినప్పుడు లక్ష్యసంఖ్యను ఏ విధంగా నిర్ణయించుకోవాలో తెలియజేస్తూ, వివేకంతో కూడిన కృషి విలువను విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యాంశం

దేహబలాన్ని కొలవడానికి రెండు మార్గాలు ఉన్నాయి. ఒక్కసారిగా ఎంత బరువు ఎత్తగలరన్నది మొదటిది. నియమిత కాలంలో ఒకే బరువును ఎన్నిసార్లు ఎత్తగలరన్నది రెండవది. మొదటిదానికి ఒలింపిక్ వెయిట్‌లిఫ్టింగ్ ఉదాహరణ. రెండవదానికి రష్యాలో రూపుదిద్దుకొన్న గిర్యా క్రీడ చక్కని ఉదాహరణ.

గిర్యా అంటే పైన పిడి గల ఇనుపగుండు. దీనినే కెటిల్‌బెల్ అని కూడా వ్యవహరిస్తారు. పూర్వం రష్యా సంతలలో ధాన్యం తూచడానికి ఉపయోగపడిన ఈ గుండు, క్రమంగా బలప్రదర్శనకు సాధనమైంది. రష్యన్ల పాతకొలత అయిన ‘పూద్’ సుమారు 16.38 కిలోగ్రాములు. అందువల్లనే నేటి పోటీలలో 16, 24, 32 కిలోల గుండ్లు ప్రధానంగా కనిపిస్తాయి. అవి దాదాపు ఒకటి, ఒకటిన్నర, రెండు పూద్‌ల బరువులు. 1885లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వైద్యుడైన వ్లాదిస్లావ్ క్రాయెవ్‌స్కీ బరువులెత్తే ఔత్సాహికుల బృందాన్ని నెలకొల్పాడు. సరిగ్గా నూరేళ్ల తరువాత, 1985లో, సోవియట్ యూనియన్‌లో గిర్యా క్రీడకు అధికారిక నియమావళి ఏర్పడింది.

ఈ క్రీడలో ‘స్నాచ్’ ఒక విభాగం. గుండును కాళ్ల మధ్య నుండి ఊపి, ఒకే ఊపున తలపైకి చేర్చాలి. వ్యవధి 10 నిమిషాలు. సంప్రదాయ నియమం ప్రకారం చేయి ఒక్కసారే మార్చుకోవచ్చు. గుండును నేలకు దించితే ప్రయత్నం అంతటితో ముగుస్తుంది. మోచేయి నిటారుగా నిలిచి, గుండు తలపై స్థిరపడితేనే న్యాయనిర్ణేత దానిని లెక్కలోకి తీసుకొంటాడు.

16 కిలోల గుండును 10 నిమిషాలలో 150 సార్లు ఎత్తగల యువకులు ఇద్దరు ఉన్నారనుకొందాం. నిమిషానికి 15 సార్లు చొప్పున వారు ఎత్తిన మొత్తం 2,400 కిలోలు. ఇద్దరూ 24 కిలోల గుండుకు మారదలచారు. అదే మొత్తం రావాలంటే 24 కిలోలతో 100 సార్లు, 32 కిలోలతో 75 సార్లు ఎత్తితే చాలు. ఇది గణితం చెప్పే మాట. అయితే శరీరం గణితాన్ని యథాతథంగా అంగీకరించదు. బరువు పెరిగినకొద్దీ పిడిని పట్టిన వేళ్లు, ముంజేయి త్వరగా అలసిపోతాయి. ఊపిరి లయ తప్పుతుంది. కాబట్టి 100 అనేది చేరవలసిన గమ్యమే గాని, తొలిరోజు లక్ష్యం కాదు.

మొదటి యువకుడు పాత వేగాన్ని వదులుకోవడానికి ఇష్టపడలేదు. నిమిషానికి 15 చొప్పున ఆరంభించి, మూడు నిమిషాలు నిండకుండానే పట్టు సడలి గుండు దించివేశాడు. లెక్కకు వచ్చినవి 40. రెండవవాడు నిమిషానికి 8 చొప్పున, నాలుగు నిమిషాలే లక్ష్యంగా పెట్టుకొని 32 పూర్తిచేశాడు. ఆనాటి లెక్కలో మొదటివాడిదే పైచేయి.

వివేకానికి పరీక్ష ఇక్కడే ఎదురవుతుంది. ఆ ఎనిమిది సంఖ్యల ఆధిక్యాన్ని చూసి రెండవవాడు తన లయను మార్చుకోలేదు. వేగాన్ని పెంచక, మొదట కాలాన్ని పెంచుకొన్నాడు. నాలుగు నిమిషాలు ఐదయ్యాయి, ఐదు ఆరయ్యాయి. కొన్ని వారాలకు 10 నిమిషాలూ నిలువగలిగి 80 పూర్తిచేశాడు. అంటే 1,920 కిలోలు. ఆ తరువాతనే వేగాన్ని నిమిషానికి 9కి, పిదప 10కి పెంచి 100కు చేరుకొన్నాడు. మొదటివాడు ప్రతిదినమూ అదే వేగంతో తలపడి, అరచేయి చిట్లి, భుజం నొప్పితో 40 వద్దనే, అంటే 960 కిలోల వద్దనే, ఆగిపోయాడు. నేల విడిచి సాము చేయడమంటే ఇదే.

ముందు కాలం, తరువాత వేగం, చివరకు బరువు. ఇదే అతని సాధనలోని క్రమం. గుండు బరువెక్కిన రోజున సంఖ్యను తగ్గించుకోవడం పరాజయం కాదు. అది కొత్త బరువుకు ఇచ్చే గౌరవం. సంఖ్యకోసం ఆరాటపడినవాడు మోచేతిని సగం వంచి ఎత్తుతాడు; న్యాయనిర్ణేత దానిని లెక్కించడు. లయ తెలిసినవాడు ఎత్తిన ప్రతిసారీ లెక్కకు వస్తుంది. నిపుణుడైన శిక్షకుని పర్యవేక్షణలో, తన శక్తిని తాను నిజాయితీగా కొలుచుకొంటూ సాగిన సాధన మాత్రమే నిలుస్తుంది.

అర్థాలు

వ్యవధి = గడువు
ఔత్సాహికులు = ఉత్సాహంతో పాల్గొనేవారు
యథాతథంగా = ఉన్నది ఉన్నట్లుగా
ఆధిక్యం = పైచేయి

ప్రశ్నలు

1. తొలిరోజు వెనుకబడిన యువకుడు చివరకు గమ్యం చేరడానికి కారణాలేవి?
2. ‘నేల విడిచి సాము చేయడం’ అనే జాతీయాన్ని సొంతవాక్యంలో ప్రయోగించండి.
3. 32 కిలోల గుండుకు మారినప్పుడు రెండవ యువకుడు లక్ష్యాన్ని ఏ క్రమంలో నిర్ణయించుకోవాలో వివరించండి.