దేవతల అంతరంగమును గూర్చి పాఠకుల ఊహలు: మిల్లర్ రచించిన ‘సర్సీ’ నవల

ప్రాచీన గ్రీకు పురాణకథలను ఇంగ్లీషున నవలలుగా మరల చెప్పు రచనలు ఇటీవల విరివిగా వెలువడుచున్నవి. వానిలో మేడలీన్ మిల్లర్ 2018లో ప్రకటించిన ‘సర్సీ’ మిక్కిలి ప్రచారము నందినది. ఈ రచయిత్రి లాటిన్, గ్రీకు భాషలను బోధించిన విదుషి. 2011లో ఎకిలీస్ కథను నవలగా వ్రాసి, మరుసటి యేట బ్రిటనులో స్త్రీల రచనలకై యిచ్చు ఆరెంజ్ బహుమానమును గెలిచినది. నవల పేరును ఇంగ్లీషు ఉచ్చారణము ననుసరించి ‘సర్సీ’ అనియే వ్రాయుచున్నాను. పాత్రను మాత్రము గ్రీకు పలుకుబడికి దగ్గరగా కిర్కే అని వ్యవహరింతును.

ఈ నవలను చదివినవారి యందొక విశేషము కనబడుచున్నది. కథలోని దేవతలు ఎందుకట్లు ప్రవర్తించిరో గ్రంథము పెక్కు తావులలో చెప్పదు. చెప్పినచోట సగము చెప్పి విడుచును. ఆ ఖాళీలను పాఠకులు తమ ఊహలతో పూరించుచు, ఒకరి యూహను మఱొకరు ఖండించుచు, నవలనుండి ప్రమాణములు చూపుచు వాదించుచున్నారు. ఎథీనా పసిబిడ్డ చావును కోరుట ఎందుకు? హెర్మీస్ ఒంటరి దీవికి మాటిమాటికి వచ్చుట ఎందుకు? హీలియోస్ కన్నకూతును వెడలగొట్టుట ఎందుకు? ఇవి అభిమానుల కాలక్షేపములని త్రోసిపుచ్చుట తగదు. కావ్యమున చెప్పబడని దానిని ఊహించుటకు పాఠకునికి గల అధికార మెంత, దానికి హద్దేది అను పెద్ద ప్రశ్న వీనిలో దాగియున్నది.

గ్రీకులు ఈ పనిని రెండువేల యేండ్లకు పూర్వమే శాస్త్రముగా నడపిరి. హోమరు కావ్యములలోని చిక్కులను ప్రశ్నలుగా ఎత్తుట, వానికి పరిహారములు చెప్పుట వారి పండితగోష్ఠులలో నిత్యకృత్యము. అరిస్టాటిల్ కావ్యశాస్త్రములో 25వ అధ్యాయము దీనికే కేటాయింపబడినది. ఆయన హోమరు సమస్యలపై వ్రాసిన ప్రత్యేకగ్రంథము నశించినది. క్రీ.శ. 3వ శతాబ్దివాడైన పోర్ఫిరీ ఇట్టి ప్రశ్నలను సమకూర్చి గ్రంథము చేసెను. వానిలో దేవతల ప్రవర్తనమునకు సంబంధించినవి మిక్కిలి క్లిష్టమైనవి. క్రీ.పూ. 6వ శతాబ్దివాడైన రీజియం పురవాసి థియాజెనీస్, దేవతల పరస్పరయుద్ధమును వేడికి చల్లదనమునకు, తడికి పొడికి జరుగు సంఘర్షణముగా వ్యాఖ్యానించెనని ప్రతీతి. మన వ్యాఖ్యాతల శంకాసమాధానములకు ఇది తోబుట్టువు. నేటి పాఠకుడు తాను క్రొత్తపని చేయుచున్నా ననుకొనవచ్చును గాని ఆ బాట చాల పాతది.

అరిస్టాటిల్ ఆ యధ్యాయముననే ఒక కొలతను చూపెను. ఒక మాట గాని చేత గాని తగునా తగదా యని విచారించునప్పుడు దానిని మాత్రమే చూచిన చాలదు; అన్నవాడు లేక చేసినవాడు ఎవడు, ఎవరితో, ఎప్పుడు, ఏ ప్రయోజనమునకు అనునవి చూడవలెనని ఆయన మతము. మమ్మటుడు కావ్యప్రకాశ తృతీయోల్లాసమున వ్యంగ్యార్థమును తెలుపు హేతువులలో వక్తను, వినువానిని, ప్రస్తావమును, దేశకాలములను లెక్కించిన సంగతి ఇచ్చట స్మరింపదగినది. ఇరువురి ప్రయోజనములు వేఱు. ఐనను ‘చెప్పుచున్న దెవరు’ అను ప్రశ్నను ఇరువురును ముందునకు తెచ్చిరి. ‘సర్సీ’ విషయమున ఈ ప్రశ్నయే ప్రధానమని నా యభిప్రాయము.

హోమరు ఒడిస్సీలో కవి స్వయముగా కథ చెప్పునప్పుడు దేవసభ మనకు కనబడును. పొసైడన్ ఒడిస్యూస్‌పై పగబూనుటకు కారణము తన కుమారుడైన పొలిఫీమస్ కన్ను పోవుటయే యని మొదటి సర్గలోనే జ్యూస్ చెప్పును. కాని 9 మొదలు 12 వఱకు గల సర్గలలో కథకుడు కవి కాదు. ఒడిస్యూసే తన యనుభవములను చెప్పుకొనుచున్నాడు. అచ్చట అతనికి ఏ దేవత ఏమి చేసినదో సాధారణముగా తెలియదు. ‘ఒక దైవము’ అనియో, ‘జ్యూస్’ అనియో చెప్పి యూరకుండును. ఈ భేదమును డెన్మార్కు పండితుడు ఓవ యోర్గెన్సెన్ 1904లో నిరూపించెను.

ఈ నియమమునకు కవి ఎంత విధేయుడో 12వ సర్గలోని ఒక చిన్న ఘట్టము తెలుపును. ఒడిస్యూస్ అనుచరులు హీలియోస్ ఆలమందలను చంపి తినిరి. అంతట హీలియోస్ జ్యూస్ నెదుట మొఱపెట్టుకొని, ప్రతీకారము జరుగనిచో పాతాళమునకు పోయి మృతుల నడుమ వెలుగుదునని బెదిరించెను. ఈ సంభాషణము స్వర్గమున జరిగినది. ఓడలోనున్న మానవునకు ఎట్లు తెలిసినది? ఒడిస్యూస్ వెంటనే సమాధానము చెప్పును: దీనిని కలిప్సో వలన వింటిని, ఆమె హెర్మీస్ వలన వినెనట. అనగా దేవతల అంతరంగము మానవునకు తెలియవలెనన్న దానికొక దారి యుండవలెను. ఆ దారిని చూపనిదే కవికి తృప్తి లేదు.

మిల్లర్ తన నవలను మొదటినుండి చివఱివఱకు కిర్కే నోటనే చెప్పించినది. కిర్కే దేవతయే, హీలియోస్‌కు, పెర్సే అను అప్సరసకు పుట్టినది. ఐనను దేవతాసమాజమున ఆమె స్థానము తక్కువది. సభలో ఆమె వినునది మూలనుండి. తరువాత ఏండ్ల తరబడి ఐయైయా దీవిలో ప్రవాసము. కావున ఇతర దేవతల మనస్సు ఆమెకు మూసిన తలుపు. పాఠకునకు తోచు వెలితి రచయిత్రి మఱపు వలన కలిగినది కాదు, కథకురాలి స్థితి వలన కలిగినది. ఈ సంగతి మఱచిన ఊహలు ఎంత చతురములైనను నిలువవు.

ఎథీనా విషయమును చూతము. కిర్కేకు ఒడిస్యూస్ వలన టెలిగొనస్ పుట్టెను. ఎథీనా దీవికి వచ్చి ఆ శిశువును తనకు విడువుమని కోరును, కారణము చెప్పదు. కిర్కే నిరాకరించి మంత్రౌషధములతో దీవి చుట్టును రక్ష కట్టును. ఇచ్చట పాఠకుల ఊహలు ముఖ్యముగా రెండు. ఎథీనాకు ఒడిస్యూస్‌పై గల మక్కువ వలన కిర్కే యెడ అసూయ కలిగినదని కొందఱు. ఈ బిడ్డ వలన ఒడిస్యూస్‌కు చావు కలుగునని ముందే యెఱిగి తన వీరుని కాపాడుకొనుటకు వచ్చినదని మఱికొందఱు.

అసూయావాదమునకు నవలలో బలము లేదు. యువకుడైన టెలిగొనస్ తండ్రిని చూడబోవగా, ట్రైగాన్ అను సముద్రదేవత తోకముల్లు కూర్చిన ఈటె గీచుకొని ఒడిస్యూస్ మరణించును. అటుపిమ్మట ఎథీనా మరల వచ్చి, పడమటి దేశమున రాజ్యము స్థాపింపుమని టెలిమాకస్‌ను పిలుచును. అతడు కాదనగా టెలిగొనస్ ఆ పిలుపు నందుకొనును, ఆమె అంగీకరించును. సవతిబిడ్డ యను ద్వేషమే మూలమైనచో ఆ బిడ్డనే తన వీరునిగా గైకొనుట పొసగదు. రెండవ వాదము తొలి రాకకు చక్కగా సరిపోవును, మలి రాకను వివరింపజాలదు. రెంటికిని పొసగునది వేఱొకటి: ఎథీనాకు ఎల్లప్పుడు ఒక వీరుడు కావలెను. ఉన్నవాని ప్రాణమునకు ముప్పైనప్పుడు శిశువు అడ్డు; ఉన్నవాడు పోయిన తరువాత అదే శిశువు అక్కఱ. ఆమెది ప్రేమయు కాదు, పగయు కాదు, వినియోగబుద్ధి. కిర్కే చూచిన రెండు సంఘటనలనుండియే దీనిని ఊహింపవచ్చును. బయటి సాక్ష్యము పనిలేదు.

బయటి సాక్ష్యము తెచ్చువారును కలరు. యూగమ్మాన్ రచించినదని చెప్పబడు ‘టెలిగొనీ’ యను రెండు సర్గల కావ్యము నశించినది. ప్రోక్లస్ సంగ్రహము మిగిలినది. దానిలో ఎథీనా శిశువధకు పూనుకొన్న ప్రసక్తి లేదు. లాటినులో హైజీనస్ చెప్పిన కథయందు టెలిగొనస్ పినెలొపీని, టెలిమాకస్‌ను వెంటబెట్టుకొని కిర్కే దీవికి మరలివచ్చుట, పిమ్మట టెలిగొనస్ పినెలొపీని, టెలిమాకస్ కిర్కేను పెండ్లాడుట, ఇవన్నియు మినర్వా ఆదేశమువలన జరిగినవే. మినర్వా యనగా ఎథీనాయే. అచ్చట ఆమె సంధానకర్త, ఇచ్చట భయంకరి. హైజీనస్ కథనుబట్టి నవలలోని ఎథీనా అంతరంగమును నిర్ణయించుట ఒక గ్రంథమునకు వ్యాఖ్య చేయుచు మఱొక గ్రంథమును వివరించుటయే యగును.

ఈ చిక్కు మన సాహిత్యవిద్యార్థులకు క్రొత్తది కాదు. వాల్మీకి మంథర క్రోధమును వర్ణించును గాని దానికి పూర్వకథ చెప్పడు. బాల్యమున రాముడు ఆమె కాలు విఱుగగొట్టెనను కథను రంగనాథరామాయణము చేర్చినది. అధ్యాత్మరామాయణమున దేవతల ప్రేరణచే సరస్వతియే మంథరను ఆవేశించును. ఈ రెండును వాల్మీకి మౌనముపై ఎవరికో పుట్టిన ఊహలే, కావ్యములైనవి. కావ్యమైన ఊహకు స్వతంత్రమైన ప్రతిపత్తి కలదు. కాని సరస్వతి ప్రేరణను వాల్మీకి మంథరకు అంటగట్టినచో అయోధ్యాకాండలోని మానుషమైన కలహము కరగిపోవును. మిల్లర్ చేసినది మొదటి పని. ఆమె పాఠకులలో కొందఱు చేయుచున్నది రెండవది.

హెర్మీస్ సంగతి క్లుప్తముగా చెప్పవచ్చును. అతడు జ్యూస్ పక్షమున వేగు నడపుచున్నాడని కొందఱు, కేవలము వినోదమునకు వచ్చుచున్నాడని కొందఱు. నవలలో రెంటికిని తావు కలదు. ఆశ్చర్యమేమన హోమరే ఇచ్చట మౌనము వహించెను. 5వ సర్గలో హెర్మీస్ కలిప్సో కడకు వచ్చుట జ్యూస్ ఆజ్ఞవలన. 10వ సర్గలో ఒడిస్యూస్‌కు మోలీ యను మూలిక నిచ్చి కిర్కే మాయనుండి కాపాడుట ఎవరి యాజ్ఞయో చెప్పబడలేదు. అది ఒడిస్యూస్ స్వయముగా చెప్పు కథాభాగము గదా! ఒడిస్యూస్ తన రక్తమున పుట్టువాడని నవలలో హెర్మీస్ చెప్పుట, అతని మాతామహుడైన ఆటొలికస్‌ను హెర్మీస్ పుత్రునిగా చేసిన తరువాతి సంప్రదాయమునుండి వచ్చినది. హోమరు 19వ సర్గలో ఆటొలికస్ హెర్మీస్‌కు ప్రీతిపాత్రుడు మాత్రమే.

హీలియోస్‌ను గూర్చిన ఊహల విషయమున నాకు గట్టి విప్రతిపత్తి కలదు. కిర్కే తాను మూలికలతో గ్లాకస్ అను జాలరిని దేవతగను, స్కిల్లా యను అప్సరసను వికృతప్రాణిగను మార్చితినని ఒప్పుకొనును. తండ్రి నమ్మడు, ఎదిరించినందుకు తన తేజస్సుతో ఆమెను కాల్చును. ఆమె సోదరుడు ఈటీస్ వచ్చి అట్టి శక్తి తమకు నిజముగనే కలదని తెలిపిన పిదప, హీలియోస్ జ్యూస్‌తో మంతనమాడి వచ్చి ప్రవాసశిక్ష ప్రకటించును. నలుగురు సంతానములో శిక్ష ఆమె యొక్కతెకే. హీలియోస్ లోలోపల కూతునిపై ప్రేమతోనే ఈ పని చేసెననియు, జ్యూస్ అంతకంటె ఘోరమైన శిక్ష విధింపకుండ దీవికి పంపి దాచెననియు ఒక వాదము ప్రచారమున నున్నది. దీవిలో చక్కని ఇల్లు అమర్చియుండుట దీనికి ప్రమాణముగా చూపబడుచున్నది.

ఇది సహృదయత వలెనే కనబడును. కాని దీనిని అంగీకరించినచో నవల తలక్రిందులగును. గ్రంథాంతమున కిర్కే తండ్రిని పిలిచి ప్రవాసమునుండి విడుదల కోరును. చిన్ననాడు ప్రొమీథియస్‌కు తాను రహస్యముగా అమృతపానీయ మిచ్చితినని, దానిని జ్యూస్‌కు వెల్లడింతునని బెదిరించును. జ్యూస్‌తో వైరము వచ్చునన్న భయము కలిగిననాడే హీలియోస్ లొంగెను. దాచిన ప్రేమ ఎన్నడైనను బయటపడవలసినచో అది ఆ నిమిషమున బయటపడవలెను, పడలేదు. కూతు రతనికి ఒక ఒడంబడికలో చెల్లించిన మూల్యము. బలవంతుడు కారణము చెప్పనక్కఱలేదు; బలహీనులు అతని మొగము చూచి కారణము ఊహించుకొనుచు బ్రదుకవలెను. కిర్కే బాల్యమంతయు చేసిన పని ఇదే. తండ్రి మౌనమునకు మంచి యర్థము కల్పించి కల్పించి అలసి ఆమె విడిచిన పనిని పాఠకులు మరల చేపట్టుచున్నారు. ఎథీనాను గూర్చి తప్పుగా ఊహించిన ఒక పాత్ర మాత్రమే చెడును, హీలియోస్‌ను గూర్చి తప్పుగా ఊహించిన కథకురాలి సాక్ష్యమే చెడును.

దేవతల మనస్సుపై పాక్షికముగా ఊహించుట కవులును ఎఱుగుదురు. ఓవిడ్ తన ‘మెటమార్ఫసిస్’ 14వ సర్గలో కిర్కే ప్రేమోద్రేకమునకు రెండు కారణములను వికల్పముగా చెప్పును: అది ఆమె స్వభావమే కావచ్చును, లేదా తన రహస్యమును ఆమె తండ్రి బయటపెట్టినందుకు వీనస్ తీర్చుకొన్న పగ కావచ్చును. ఏది నిజమో నిర్ణయింపక కవి ముందుకు సాగును. ఇంతటి నిగ్రహము పాఠకులయందు అరుదు.

నవలలో దేవతల పనులకు కారణము దొరకక వగచు కిర్కేయే స్కిల్లా స్నానమాడు మడుగులో మూలికారసమును కలిపినది. స్కిల్లా తనకేమి జరిగినదో, ఎవరు చేసిరో, ఎందుకో తెలియకయే ఆఱుతలల ప్రాణిగా మారి జలసంధిలో నావికులను మ్రింగుచుండెను. కిర్కే పశ్చాత్తాపము మనకు తెలియును, స్కిల్లాకు తెలియదు. చివఱకు కిర్కే ఔషధముచేతనే ఆమె రాయిగా మారెను. ఎథీనా, హెర్మీస్, హీలియోస్‌లను గూర్చి ఇన్ని వాదములు సాగుచుండగా, ఈ దేవత తనపై ఎందుకు విషము చల్లెనో ఆ కొండచఱియలో కూర్చుండి స్కిల్లా ఏమని ఊహించియుండునో ఎవరును అడిగినట్లు నేను వినలేదు.