అప్పు లేని మట్టి ఇల్లు

వన్ టౌన్‌లో ఉద్యోగం చేసే నాకు చేతికందేది ఆదివారం ఒక్కటే. స్థలం కొన్నాక ఒక వానాకాలం గడిచేవరకు పునాది తీయలేదు. డబ్బు కూడబెట్టుకొనే గడువే నేలను పరిశీలించే గడువైంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ ఇళ్లలో నీరు రోజుల తరబడి నిలిచిన సంగతి విదితమే. మట్టిగోడకు పైనుండి కురిసే వానకంటె అడుగున నిలిచే నీరే ప్రమాదకరం. కనుక వరద గుర్తుకు పైగా అరుగు లేపడానికే తొలి ధనం వెచ్చించాలి.

డెల్టాలోని నల్లరేగడి తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వారుతుంది. గోడకు అది పనికిరాదు, ఎర్రమట్టి తెప్పించాలి. గాజుసీసాలో మూడోవంతు ఆ మట్టి పోసి, నీటితో నింపి, బాగా కుదిపి ఒక రోజు కదల్చక ఉంచండి. ఇసుక అడుగున, ఒండ్రు నడుమ, బంకమన్ను పైన పేరుకుంటాయి. బంక మరీ ఎక్కువైతే గోడ పగులుతుంది. తగినంత ఇసుక కలపాలి.

మట్టిగోడపై సిమెంటు పూత వద్దు. అది చెమ్మను బయటికి పోనివ్వదు. చెమ్మగోడకు బూజు పడుతుంది, బూజు ఉబ్బసాన్ని రేపుతుంది. సున్నపు పూత చెమ్మను వదులుతుంది. త్రిఫలలో ఒకటైన కరక్కాయను నానబెట్టిన నీరు, బెల్లపు నీరు మన పెద్దలు సున్నంలో కలిపేవారు. సున్నాన్ని ఒట్టి చేతులతో తాకరాదు. కంటిలో పడితే చూపుకే ముప్పు.

మొదట ఒక గది, వంటిల్లు చాలు. జీతంలో మిగిలిన మేరకే రెండవ గది. తులసి, కరివేప పునాదికి ముందే నాటవచ్చు. మునగను మాత్రం గోడకు దూరంగా నాటండి. నల్లనేలలోని చెమ్మను వేళ్లు పీల్చివేస్తే పునాది కుంగుతుంది.