తాతది ఏ ఊరు? వంశవృక్షంలో తప్పులు దిద్దే పాఠం

మన ఇబ్రహీంపట్నం పేరుతో మ్యాప్‌లో వెతికితే ఒక్క ఊరు రాదు. రంగారెడ్డి జిల్లాలో మనది, విజయవాడ పక్కన కొండపల్లి దగ్గర ఒకటి, జగిత్యాల జిల్లాలో ఇంకొకటి. అమెరికాలో స్థిరపడిన మన సీనియర్ ఎవరైనా "మాది ఇబ్రహీంపట్నం" అని మాత్రమే రాసిపెడితే, రేపు వాళ్ళ మనవళ్ళు ఏ బస్సెక్కాలి? ఎప్పుడో సముద్రం దాటిన తెలుగు కూలీల వారసులకు ఇవాళ ఉన్న సమస్య ఇదే.

1860 నవంబర్ 16న మద్రాసు నుంచి వెళ్ళిన 'ట్రూరో' ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అప్పటి నాటల్ కాలనీ చెరకు తోటలకు 1911 దాకా లక్షన్నరకు పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా వెళ్ళారు. వాళ్ళలో మన తెలుగువాళ్ళు చాలామంది. ఆ ఓడల జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి: కూలీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు. డేటా ఉంది. తప్పులు ఎక్కువగా దాన్ని చదవడంలో వస్తాయి. నేను గమనించిన నాలుగు ఇవీ.

1. రేవును సొంతూరు అనుకోవడం: "మద్రాసు నుంచి వచ్చాడు" అంటే అక్కడ ఓడ ఎక్కాడని మాత్రమే. బర్మాలో తెలుగువాళ్ళని 'కోరంగీలు' అనేవారు. అది కాకినాడ దగ్గరి రేవు పేరు. అంతమాత్రాన అందరిదీ కోరంగి అయిపోదు కదా!

2. పాత జిల్లాను నేటి మ్యాప్‌లో వెతకడం: జాబితాలో 'గంజాం, చికాకోల్' అని ఉందనుకుందాం. గంజాం ఇప్పుడు ఒడిశాలో ఉంది కాబట్టి తాత ఒడియా అనేస్తాం. కానీ చికాకోల్ అంటే మన శ్రీకాకుళమే. 1936 దాకా అది గంజాం జిల్లాలోనే ఉండేది. అలాగే 'వైజాగపటం' అంటే వైజాగ్ సిటీయే కానక్కర్లేదు. విజయనగరం కూడా 1979 దాకా వేరే జిల్లా కాదు.

3. ఇప్పటి సర్‌నేమ్‌ను ఇంటిపేరు అనుకోవడం: ఆ జాబితాల్లో ఇంటిపేరుకు కాలమే లేదు. తర్వాతి తరాల్లో చాలామందికి తండ్రి పేరో, తాత పేరో సర్‌నేమ్ అయింది. పైగా గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లీషులో రాసుకున్నాడు. కాబట్టి స్పెల్లింగ్‌ని కాదు, ఉచ్చారణని పట్టుకుని వెతకాలి.

4. పేరు కలిస్తే చాలనుకోవడం: అప్పన్నలు, రామన్నలు ఎంతమందో! తండ్రి పేరు, ఊరు, కూలీ నంబరు కూడా కలవాలి. వయసు మాత్రం చాలాసార్లు అంచనాయే. రెండు మూడేళ్ళ తేడా ఉందని మనిషినే కొట్టేయొద్దు.

మరి తప్పు దొరికాక ఏం చేయాలి? డిలీట్ కొట్టకండి. మనం కోడ్‌లో చేసినట్టే పాత వివరం, కొత్త వివరం, ఏ కాగితం చూసి మార్చామో, తేదీతో సహా రాయాలి. ఒక తప్పు వంశవృక్షాన్ని పదిమంది కాపీ చేస్తే పది సాక్ష్యాలు అయిపోవు, తప్పు ఒకటే, కాపీలు పది. అలాగని పెద్దవాళ్ళ మాటని కొట్టిపారేయకూడదు. నానమ్మ చెప్పిన గ్రామదేవత పేరు, పక్కూరి పేరు జాబితాలో ఎక్కని ఊరిని పట్టించొచ్చు. "ఇది కాగితంలో ఉంది", "ఇది ఇంట్లో చెప్పుకున్నది", "ఇది నా ఊహ" అని మూడూ విడివిడిగా రాస్తే చాలు.

ఇదంతా ఎందుకంటారా? పడవ దిగినవాడికి వెనక్కి దారి ఆ ఒక్క గడిలోనే ఉంది. దాన్ని తప్పుగా నింపితే వారసులు ఎవరిదో గుమ్మం ముందు నిలబడి కన్నీళ్ళు పెట్టుకుంటారు. అసలు బంధువులకి వాళ్ళు వచ్చిన సంగతే తెలీదు.

ఈ సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మీ తాతయ్య ఊరు, మండలం, అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా, ఇంటిపేరు ఒక కాగితం మీద రాయండి. ఎవరు చెప్పారో కూడా రాయండి.