కారులోనే బస: మీ సందేహాలు - మా సమాధానాలు

సందేహం: మా బ్రెజాలో వెనక సీటు పీకేసి ప్లైవుడ్ మంచం బిగించేద్దామని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. ఆర్టీఓ వాళ్లు చూస్తే బండి లాగేసుకుంటారని పక్కింటాయన భయపెడుతున్నారు. నిజమేనా?
– ఒక తండ్రి, ఖమ్మం

సమాధానం: కంగారు పడకండి, మీ వాడి ముచ్చట తీరే దారి ఉంది. ఆర్‌సీలో ఎన్ని సీట్లని రాసి ఉందో బండిలో అన్నీ ఉండాలి. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. అందుకని సీటు విప్పకుండా మడిచి, దాని మీద చెక్కబల్ల పరిచి, గట్టి బెల్టులతో కట్టుకోమనండి. ఇంటికి రాగానే తీసి పక్కన పెట్టేసేది కాబట్టి ఆ బల్ల సామాను కిందే లెక్క. బాడీకి రంధ్రాలు, వెల్డింగు, వైర్లు కోయడం దాకా వెళ్తే మాత్రం ఆపండి, బీమా దగ్గర పేచీ వచ్చేది అక్కడే. బండి నడుస్తుండగా ఆ బల్ల మీద ఎవరినీ పడుకోనివ్వకండి.

సందేహం: చలికాలంలో లంబసింగి వెళ్లి పాపతో సహా కారులోనే పడుకున్నాం. తెల్లారేసరికి అద్దాలన్నీ లోపలివైపు నీళ్లు కారుతున్నాయి. గాలాడక ఏమైపోయేవాళ్లమో అని ఇప్పటికీ గుండె దడ.
– ఒక తల్లి, అనకాపల్లి

సమాధానం: మనసు కుదుటపరచుకోండమ్మా, మీకేమీ కాలేదు, ఆ నీళ్ల వల్ల ఏమీ కాదు కూడా. మీ ఊపిరిలోని తేమే చల్లటి అద్దానికి తగిలి నీరైంది. లంబసింగి చలిలో అది మామూలే. ఈసారి రెండు వైపులా అద్దాలు ఒక్కో అంగుళం దించి దోమతెర కట్టుకోండి.

భయపడాల్సింది వేరే ఉంది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఏసీయో హీటరో వేసుకుని నిద్రపోవడం, లోపల బొగ్గుల కుంపటి గానీ గ్యాస్ స్టవ్ గానీ వెలిగించడం ఎప్పుడూ వద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. కేరళలోని వడకరలో 2024 డిసెంబరులో కారవాన్‌లో పడుకున్న ఇద్దరి ప్రాణాలు జనరేటర్ నుంచి వచ్చిన ఈ వాయువుకే పోయాయి. ఇంజినో పొయ్యో నడుస్తుండగా లోపలివాళ్లకు తలనొప్పి, తల తిరగడం, వికారం మొదలైతే ఆలోచించకుండా పాపను ఎత్తుకుని బయటికి వచ్చేయండి, 108కి ఫోన్ చేయండి.

సందేహం: రాత్రంతా చిన్న ఫ్యాను, ఫోన్ ఛార్జింగు పెడితే పొద్దున బండి స్టార్ట్ కాదేమోనని మా ఆవిడ రానంటోంది.
– హన్మకొండ పాఠకుడు

సమాధానం: ఆమెకు ధైర్యం చెప్పండి. యూఎస్‌బీ ఫ్యానూ ఫోనూ తీసుకునే కరెంటు చాలా తక్కువ, బాగున్న బ్యాటరీ దాన్ని తట్టుకుంటుంది. కారు ఫ్రిజ్ పెడితేనే చిక్కు, దానికి విడిగా లిథియం పవర్ స్టేషన్ కొనుక్కోండి. ఇంజిన్ ఆపి కాసేపయ్యాక బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2కి దిగితే దాదాపు సగం అయిపోయినట్టు, అక్కడితో అన్నీ కట్టేయండి. జంపర్ కేబుల్ డిక్కీలో ఎప్పుడూ ఉండాలి.

సందేహం: టాప్ మీద 50 కిలోల టెంటు పెట్టించాను. మారేడుమిల్లి ఘాట్‌లో బండి పక్కకు ఒరిగినట్టనిపించి వణికిపోయాను.
– రాజమహేంద్రవరం పాఠకుడు

సమాధానం: బరువు పైకి చేరితే మలుపుల్లో కొంచెం ఒరగడం సహజమే, నెమ్మదిగా నడపండి. బండితో ఇచ్చిన పుస్తకంలో రూఫ్ ఎంత బరువు మోస్తుందో ఉంటుంది. టెంటుకు ర్యాక్ బరువు కూడా కలిపి చూసుకోండి, అది దాటితే దింపేయండి. నన్నడిగితే చిన్న ఎస్‌యూవీకి నేల మీద వేసే టెంటే మేలు.

సందేహం: హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్తూ నల్లమలలో రోడ్డు పక్కన పడుకోవచ్చా?
– కొత్త దంపతులు, మేడ్చల్

సమాధానం: వద్దు, అది పులుల అభయారణ్యం. చీకటి పడకముందే శ్రీశైలం చేరిపోండి, లేదా అడవికి ఇవతలే ఆగిపోండి. మన్ననూరు చెక్‌పోస్టు గేటు రాత్రి 9కి మూస్తారు, ఉదయం 6 దాకా తీయరు.