ఉన్న పట్టికలో కొత్త వరుస

పిల్లలూ,

పన్నెండో తరగతిలో కంప్యూటర్ సైన్స్ తీసుకున్నవారికి పైథాన్‌నీ ఎస్‌క్యూఎల్‌నీ కలిపే పాఠం ఒకటి ఉంది. తెలుగు టీచర్‌కి ఆ పాఠంతో ఏం పని అని మీరు అడగవచ్చు. అక్కడ మన పేర్ల సంగతి, మన అక్షరాల సంగతి ఉంది కాబట్టి నాకు పని ఉంది. పైగా ఆ పాఠంలోని ముఖ్య విషయం మీకు పుస్తకం తెరవకముందే తెలుసు. అమ్మకో నాన్నకో బదిలీ అయి కొత్త ఊరు వచ్చిన ప్రతిసారీ, మీరు రాకముందే గళ్లు గీసి పెట్టిన ఒక రిజిస్టర్‌లో మీ పేరు ఒక వరుసగా చేరింది. ప్రోగ్రాం రాసి పట్టికలో వరుస చేర్చడమూ అలాంటిదే.

డేటాబేస్‌లో సమాచారాన్ని పట్టికలుగా ఉంచవచ్చన్న ఆలోచనను కాడ్ అనే శాస్త్రవేత్త 1970లో ఒక వ్యాసంగా ప్రకటించారు. ఆయన పనిచేసిన ఐబీఎం సంస్థలోనే చాంబర్లిన్, బాయిస్ అనే ఇద్దరు ఆ పట్టికలతో మాట్లాడే భాషను తయారుచేశారు. అదే నేటి ఎస్‌క్యూఎల్. మీరు ల్యాబ్‌లో వాడే మైఎస్‌క్యూఎల్‌లో ఉన్న ‘మై’ దాన్ని రూపొందించిన వారిలో ఒకరి కూతురి పేరు.

పట్టికను తయారుచేసేది ఒక్కసారే. ఆ తర్వాత వచ్చేవన్నీ వరుసలు. ‘విద్యార్థులు’ అనే పట్టిక ముందే ఉందనుకోండి. అందులోకి లక్ష్మి అనే అమ్మాయిని చేర్చే ఆజ్ఞ ఇలా ఉంటుంది. ఇక్కడ మనం పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. ల్యాబ్‌లో ఆజ్ఞలను ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేయాలి.

ఇన్‌సర్ట్ ఇంటు విద్యార్థులు (ప్రవేశ_సంఖ్య, పేరు, తరగతి) వాల్యూస్ (4127, 'లక్ష్మి', 8)

పట్టిక పేరు, కాలమ్‌ల పేర్లు మాత్రం మైఎస్‌క్యూఎల్‌లో నిజంగానే తెలుగులో పెట్టుకోవచ్చు. ప్రయత్నించి చూడండి, సరదాగా ఉంటుంది.

మొదటి బ్రాకెట్‌లో కాలమ్‌ల పేర్లు ఉన్నాయి కదా. అవి రాయకపోయినా ఆజ్ఞ పనిచేస్తుంది కాబట్టి చాలామంది బద్ధకిస్తారు. నా మాట విని రాయండి. రేపు ఆఫీసువారు అదే పట్టికలో ‘రక్తపు గ్రూపు’ అనే కాలమ్ కలిపారనుకోండి, పేర్లు లేని ఆజ్ఞ ఆ రోజే ఆగిపోతుంది. గళ్లు నాలుగు, మీరిచ్చిన విలువలు మూడు, లెక్క కుదరదు. పేర్లు రాసి ఉంటే కొత్త గడి ఖాళీగా మిగిలి, తక్కినవి సరిగ్గా చేరతాయి. ఖాళీ గడిని ‘నల్’ అంటారు. పాత బడి నుంచి టీసీ ఇంకా రాకపోతే ఆ గడిని నల్‌గా వదిలేయడమే మర్యాద. అక్కడ సున్నా వేస్తే ‘టీసీ సంఖ్య సున్నా’ అని కంప్యూటర్ నమ్ముతుంది. ఏ గడి ఖాళీగా ఉండకూడదో పట్టిక గీసినవారు ముందే నిర్ణయిస్తారు. దాన్ని మనం పాటించక తప్పదు.

ఇక తాళంచెవి గడి, అంటే ప్రైమరీ కీ. ఒకే విలువ రెండు వరుసల్లో రాకూడని గడి ఇది. భిలాయిలో ఉండి దీన్ని అర్థం చేసుకోలేకపోతే ఎలా? మన ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నెస్ 1959 ఫిబ్రవరిలో మొదలైంది. రైల్వేకి 260 మీటర్ల పొడవైన పట్టాలు ఇక్కడినుంచే వెళతాయి. స్టీల్ మెల్టింగ్ షాప్‌లో ఒక్క విడతగా తయారైన ఉక్కును ‘హీట్’ అంటారు. ప్రతి హీట్‌కూ ఒక నంబరు. ఆ ఉక్కుతో చేసిన పట్టా నడుము మీద ఆ నంబరు ముద్ర పడుతుంది. ఏళ్ల తర్వాత ఎక్కడో ఒక పట్టా పగిలితే, ఆ నంబరు చూసి అది ఏ హీట్‌దో, ఆ రోజు పరీక్షల్లో ఏం తేలిందో వెతకవచ్చు. రెండు హీట్‌లకు ఒకే నంబరు ఉంటే ఆ వెతుకులాట అక్కడే ఆగిపోతుంది. అందుకే ఉన్న కీతోనే మళ్లీ వరుస చేర్చబోతే డేటాబేస్ ‘డూప్లికేట్ ఎంట్రీ’ అని నిరాకరిస్తుంది. అది కోపం కాదు, కాపలా.

మీకూ అలాంటి నంబరు ఒకటి ఉంది. యూడైస్ ప్లస్‌లో ఇచ్చే పర్మనెంట్ ఎడ్యుకేషన్ నంబరు బడి మారినా మారదు. కొత్త బడి ప్రవేశ రిజిస్టర్‌లో మీరు కొత్త వరుస, కానీ అక్కడ పాత వరుసే. కొత్త బడి వివరాలు ఆ పాత వరుసలోనే మారాలి. చేర్చడం ఇన్‌సర్ట్ పని, మార్చడం అప్‌డేట్ పని. ఈ రెండింటినీ కలగాపులగం చేస్తే ఒకే పిల్ల ఇద్దరు పిల్లలవుతుంది.

పేర్ల దగ్గర ఈ ప్రమాదం మన తెలుగువాళ్లకు మరీ ఎక్కువ. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. ఇక్కడి ఫారాల్లో అది చివర రావాలి. ఒక బడిలో ‘పి. లక్ష్మి’, ఇంకో బడిలో ‘లక్ష్మి పొట్లూరి’, మూడో చోట ‘పొట్లూరి లక్ష్మి’. మనిషికి ఒకరే అని తెలుస్తుంది, యంత్రానికి ముగ్గురు. తొమ్మిదో తరగతిలో మీ వివరాలు బోర్డుకు రిజిస్ట్రేషన్‌గా వెళతాయి. పదో తరగతి సర్టిఫికెట్ మీద పేరు దాన్ని బట్టే వస్తుంది, తర్వాత దిద్దించుకోవడం చాలా తిప్పట. సంతకం పెట్టే ముందు మీ వరుసను మీరే అక్షరం అక్షరం చదవండి.

అక్షరం అన్నాను కదా, ‘లక్ష్మి’లో ఎన్ని అక్షరాలు? నా క్లాసులో అయితే రెండు: ల, క్ష్మి. కంప్యూటర్‌కి ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు, అంటే మొత్తం 21 బైట్లు. ‘వెంకటలక్ష్మి’కి 12 గుర్తులు కావాలి. పేరు గడిని పదికి పరిమితం చేసి ఉంటే మైఎస్‌క్యూఎల్ మామూలుగా ‘డేటా టూ లాంగ్’ అని ఆపేస్తుంది. కట్టుదిట్టం సడలించిన చోట మాత్రం ‘వెంకటలక్ష్’ అని కోసేసి చేర్చుకుంటుంది. ఆపేయడమే నయం. పట్టిక అక్షరమాల యూటీఎఫ్8ఎంబీ4 అయి ఉండాలి, మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి అడగకపోయినా అదే ఉంటుంది. పాతకాలపు అక్షరమాల పెట్టిన పట్టికల్లో తెలుగు పేరు చేరకపోవడమో, వరసగా ప్రశ్నార్థకాలు కావడమో జరుగుతుంది.

ఇప్పుడు పైథాన్‌లోంచి ఇదే పని. కనెక్షన్ తెరిచి, కర్సర్ తీసుకున్నాక:

కర్సర్.ఎగ్జిక్యూట్("ఇన్‌సర్ట్ ఇంటు విద్యార్థులు (ప్రవేశ_సంఖ్య, పేరు, తరగతి) వాల్యూస్ (%ఎస్, %ఎస్, %ఎస్)", (4127, "లక్ష్మి", 8))
కనెక్షన్.కమిట్()

%ఎస్ అంటే ‘ఇక్కడ విలువ వస్తుంది’ అని పీట వేసి ఉంచడం. విలువలను పక్కన విడిగా ఇచ్చాం. ప్లస్ గుర్తుతో పేరును ఆజ్ఞలోనే అతికించే అలవాటు చాలామందికి ఉంది, మానుకోండి. ఇంగ్లీషులో రాసిన డి’సౌజా పేరులో ఒక ఒంటి కొటేషన్ గుర్తు ఉంటుంది. అతికించిన ఆజ్ఞలో పేరు అక్కడితో ముగిసిందని డేటాబేస్ అనుకుంటుంది, ఆజ్ఞ చెడిపోతుంది. దుర్బుద్ధి ఉన్నవాడైతే పేరు గడిలో ఏకంగా ఇంకో ఆజ్ఞనే రాసి పంపగలడు. పీట పద్ధతిలో వచ్చినది ఏదైనా పేరుగానే కూర్చుంటుంది.

చివరి పంక్తి కమిట్. పిల్లలు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. కమిట్ ఇవ్వకుండానే అదే ప్రోగ్రాంలో సెలెక్ట్ వేస్తే కొత్త వరుస కనిపిస్తుంది. చేరిందని సంతోషించి కనెక్షన్ మూసేస్తారు. మళ్లీ తెరిస్తే వరుస ఉండదు. మీకు కనిపించింది మీ కనెక్షన్‌కు మాత్రమే కనిపించే చిత్తు ప్రతి. పక్క కంప్యూటర్‌కి అది ఎప్పుడూ కనిపించలేదు. ప్రవేశ ఫారం నింపడం ఎగ్జిక్యూట్ అయితే, ప్రిన్సిపాల్ సంతకం కమిట్.

ఏప్రిల్‌లో ముప్ఫై మంది ఒకేసారి చేరితే ముప్ఫై సార్లు రాయనక్కర్లేదు. జాబితా అంతా ‘ఎగ్జిక్యూట్‌మెనీ’కి ఇచ్చి, చివర ఒక్క కమిట్ చాలు. మధ్యలో ఒక నంబరు రెండోసారి వచ్చి తప్పు దొర్లితే ‘రోల్‌బ్యాక్’ పిలవండి. ఆ విడతలో ఎవరూ చేరనట్టే అవుతుంది. సగం మంది చేరి, ఆ సగం ఎవరో తెలియకపోవడం కంటే అది మేలు. పని అయ్యాక కర్సర్.రోకౌంట్‌ను ప్రింట్ చేసి, 30 వచ్చిందో లేదో చూసుకోండి.

అభ్యాసం: ‘నా_బడులు’ అనే పట్టికను తయారుచేసి, ఊరు, చేరిన సంవత్సరం, వెళ్లిన సంవత్సరం, అక్కడి ఒక స్నేహితుడి పేరు అనే కాలమ్‌లు పెట్టండి. తాళంచెవి గడి ఏది కావాలో మీరే ఆలోచించండి. ఒకే ఊరికి రెండుసార్లు బదిలీ అయినవాళ్లు మీలో ఉన్నారు, జాగ్రత్త. ఇప్పటిదాకా చదివిన బడులన్నీ పైథాన్‌తో చేర్చండి. భిలాయి వరుసలో ‘వెళ్లిన సంవత్సరం’ గడిని నల్‌గా ఉంచండి. స్నేహితుల పేర్లు తెలుగులో, పూర్తిగా రాయాలి. చేసినవారు ప్రింట్ తీసి నాకు చూపించండి.