ఏరియా రాసిచ్చారా, నోటితో చెప్పారా?

హోటల్ వ్యాపారంలో తల పండిన మనిషినని, చిల్పూర్, స్టేషన్ ఘన్‌పూర్ పిల్లలు ఫ్రాంచైజీ కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ళకు చెప్పేవే ఇవి.

1. "ఈ ఏరియా మొత్తం నీదే అన్నా" అని సేల్స్ మనిషి అంటే నమ్మి కూర్చోకు బిడ్డా. ముందు అనుకున్న మాటలేవీ చెల్లవని అగ్రిమెంట్ చివర్లో చాలామంది రాసుకుంటారు. ఏరియా సంగతి షెడ్యూల్‌లో వెతుకు.

2. హద్దు ఎట్లా రాశారో చూడు. ఈమధ్య ఒక కాగితంలో "స్టేషన్ ఘన్‌పూర్ చుట్టూ 5 కి.మీ." అని ఉంది. ఎక్కడి నుంచి 5? బస్టాండ్ నుంచా, షాపు గుమ్మం నుంచా? రోడ్డు వెంట కొలవాలా, మ్యాపు మీద గీత గీయాలా? ఆ తేడాలోనే ఇంకో షాపు పడుతుంది. మండలం పేరు రాసినా చాలదు, మండలాల హద్దులు మారుతుంటాయి. చిల్పూరే 2016లో కొత్తగా మండలమైంది. చిల్పూర్, మల్కాపూర్, చిన్నపెండ్యాల అని ఊళ్ళ పేర్లే వరసగా రాయించు.

3. ఏరియా ఇచ్చారు సరే, అందులో ఏమిచ్చారు? అన్నిటికంటే ముఖ్యం ఇదే. "ఇంకో ఫ్రాంచైజీ ఇవ్వం" అన్నంత మాత్రాన కంపెనీ తన సొంత షాపు పెట్టకుండా ఆగదు. స్విగ్గీ, జొమాటో ఆర్డర్లు పక్క కిచెన్ నుంచి నీ వీధికి రావచ్చు. అదే కంపెనీ ఇంకో పేరుతో బిర్యానీ అమ్మవచ్చు. ఒక్కోదానికీ ఒక్కో వాక్యం అడుగు. అమెరికాలోనైతే, ప్రత్యేక ఏరియా ఇవ్వకపోతే ఆ మాట, పోటీ రావచ్చన్న మాట ముందుగానే కాగితం మీద చెప్పి తీరాలి. మన దగ్గర ఫ్రాంచైజీకంటూ వేరే చట్టమే లేదు. అడగనివాడికి ఎవరూ చెప్పరు.

4. టార్గెట్ తప్పితే ఏరియా పోతుందా? చదువు.

5. మెక్‌డొనాల్డ్స్ మన దేశాన్ని రెండుగా పంచింది. ఉత్తరం, తూర్పు విక్రమ్ బక్షీ అనే వ్యాపారితో కలిసి పెట్టిన కంపెనీకి, పడమర, దక్షిణం ఇంకొకరికి. రాయల్టీ కట్టలేదంటూ 2017లో బక్షీ వైపున్న 169 షాపుల ఒప్పందం రద్దు చేసింది. 2019లో రాజీ అయి ఆయన వాటా కొనుక్కుంది. సగం దేశం చేతిలో ఉన్న మనిషికే అట్లా అయ్యింది. ఏ తప్పుకు రద్దు, సరిదిద్దుకోవడానికి ఎన్ని రోజులు అన్నది తేల్చుకో.

6. గడువు నడుస్తుండగా పోటీ సరుకు పెట్టకూడదన్న షరతు చెల్లుతుంది. కోకాకోలా కేసులో 1995లో సుప్రీంకోర్టు అదే చెప్పింది. గడువు అయిపోయాక కూడా "ఆ ఏరియాలో హోటలే పెట్టొద్దు" అంటే ఆ షరతుకు కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ అడ్డొస్తుంది. వాళ్ళ బోర్డు, పేరు మాత్రం తీసెయ్యాలి.

7. తగాదా వస్తే పంచాయితీ ఏ ఊళ్ళో? ఢిల్లీ అని ఉంటే హైదరాబాద్‌కు మార్చమను. సంతకం పెట్టకముందే అడుగు, పెట్టాక వినరు.